నేను వేసిన దెబ్బలు, దాచిన దెబ్బలు

నా దగ్గర మేకప్ నేర్చుకుంటామని ఈ మధ్య ముగ్గురు అమ్మాయిలు వచ్చారు. ఒకమ్మాయిది బొబ్బిలి, మిగతా ఇద్దరిదీ విజయనగరమే. కంట్లో శుక్లాలు తీయించుకున్నాక, చెయ్యి వణకడం మొదలయ్యాక నేను పెట్టె మూసేశాను. చేత్తో నేర్పలేను కాబట్టి రాసి ఇస్తానన్నాను. బ్రష్షు ఎలా పట్టుకోవాలో ఇప్పుడు ఫోన్లో చూసి ఎవరైనా నేర్చుకోవచ్చు. అది నేను రాయను. ముప్పై ఎనిమిదేళ్ళు మనుషుల మొహాలు నా చేతుల్లో పెట్టుకుని ఏం చూశానో, చూసీ ఏం చెయ్యలేదో అది రాస్తాను. చదివాక కూడా ఈ పని చేస్తామంటే చెయ్యండి. మంచి పనే.

నాన్న పెట్టె

నా పేరు రూతు. నాటకాల వాళ్ళకి రూతక్కని. మా నాన్న మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. క్రిస్మసుకి చర్చిలో వేసే నాటకంలో జ్ఞానులకి గడ్డాలు అంటించడంతో మొదలుపెట్టి, చివరికి ఈ చుట్టుపక్కల పద్యనాటకం ఎవరు ఆడినా కృష్ణుడికి రంగు వేసేది ఆయనే అన్నంత దూరం వెళ్ళాడు. ఆదివారం ఉదయం ప్రార్థనకి కూర్చుంటే ఆయన గోళ్ళలో ఇంకా నీలం ఉండేది. పాస్టరుగారు చూసి, "ఏటి ప్రకాశం, మళ్ళీ కృష్ణుడేనేటి?" అని నవ్వేవారు.

ఆయన పసుపు అర్దళం, తెల్ల సఫేదా నూరి కొబ్బరినూనెలో కలిపిన కాలం మనిషి. నా కాలానికి గ్రీజు పెయింటు కడ్డీలు, పాన్‌కేకు రంగు బిళ్ళలు వచ్చాయి. సామాను మారింది గానీ ఆయన చెప్పిన మాట మారలేదు. "రంగేసే ముందర ఒక్క నిమిషం ఊరికే మొహం సూడే. ఆల్లు తిన్నారో లేదో, నిద్దరోయేరో లేదో, ఏటి దాస్తన్నారో అన్నీ అక్కడే ఉంటాయి" అనేవాడు. మొహం చూడడం ఆయన నేర్పాడు. చూసిన దాన్ని ఏం చెయ్యాలో నేర్పలేదు. ఆయనకీ తెలిసుండదు.

పెళ్ళయిన నాలుగేళ్ళకి నా భర్త జ్వరంతో పోయాడు. ఆ తర్వాత రెండేళ్ళకి నాన్నకి పక్షవాతం వచ్చింది. పెట్టె నేను తీసుకున్నాను. మొదటి నాటకం చీపురుపల్లిలో. హీరో వేషం వేసే ఆయన నన్ను చూసి కుర్చీలోంచి లేచిపోయాడు. "ఆడదాని సేత మీసం పెట్టించుకోమంటారేటి!" అన్నాడు. ఆయన తన మీసం తనే అంటించుకున్నాడు. రెండో రంగంలో చెల్లెలికి హితబోధ చేస్తుంటే అది ఓ పక్క ఊడి వేలాడింది. జనం గోల. ఆయన తర్వాతి వారం నుంచి నోరెత్తకుండా నా ముందు కూర్చున్నాడు.

కానీ నన్ను నిలబెట్టింది ఆయన మీసం కాదు, ఆడవేషాలు వేసే అమ్మాయిలు. అంతకు ముందు వాళ్ళకి మెడ మీదా, భుజాల మీదా రంగు వేసేది మగవాళ్ళే. నేను వచ్చాక ఎంత దూరమైనా సరే రూతక్క ఉంటేనే వస్తామనేవారు.

రంగు గది

పోటీ నాటకాలు చూడని వాళ్ళ కోసం ఒక్క ముక్క. పరిషత్తు పోటీలంటే ఒక ఊళ్ళో మూడు రోజులు వరసగా నాటికలు వేస్తారు. న్యాయనిర్ణేతలు ముందు వరసలో టార్చిలైటు పెట్టుకుని మార్కులు వేస్తారు. రంగు గది అంటే చాలాసార్లు ఆ ఊరి బడిలో ఒక తరగతి గది. నల్లబల్ల మీద ఎక్కాలు ఉంటాయి, దాని కింద మేం అద్దం పెట్టుకుంటాం. మగవాళ్ళు సరదాకి ఆడతారు. టీచర్లు, బ్యాంకు వాళ్ళు, రైల్వే వాళ్ళు. ఆడవాళ్ళకి మాత్రం అది బతుకు. ఒకే అమ్మాయి నాలుగు నాటక సమాజాల్లో నాలుగు పాత్రలు వేస్తుంది.

ఆ పాత్రల గురించి నా అభిప్రాయం అడగలేదు ఎవరూ. ఇప్పుడు చెప్తాను. రాసేవాళ్ళు మగవాళ్ళు. ఆడది మొదటి రంగంలో కాఫీ తెస్తుంది, రెండో రంగంలో దెబ్బలు తింటుంది, మూడో రంగంలో ఉపన్యాసం ఇస్తుంది. ఆ ఉపన్యాసం కూడా మగవాడు రాసిందే. అందులో ఆడవాళ్ళు మాట్లాడే మాట ఒక్కటీ ఉండదు. 'పురుషాహంకారపు పునాదులు' అని అనాలి. నౌపడ ఉప్పుమడుల్లో పని చేసే తల్లి కడుపున పుట్టిన పిల్ల ఆ మాట పలకడానికి నాలుక మడతపెట్టుకుని నా అద్దం ముందు ఇరవైసార్లు వల్లె వేసేది.

ఆ పిల్లే నర్సమ్మ.

నర్సమ్మ, నర్మద

అసలు పేరు అప్పల నరసమ్మ. పంతొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది. పొడుగు మనిషి, చామనచాయ, గొంతు మాత్రం కంచు. మా సమాజం దర్శకుడిని అందరం మాస్టారు అనేవాళ్ళం. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆయనే రాస్తారు, ఆయనే ఆడిస్తారు. "అప్పల నరసమ్మ అని పోస్టర్లో వేస్తే బాగుంటుందేటమ్మా?" అని నర్మద అని పెట్టారు. ఆమె తర్వాత నాతో, "నర్మదంటే ఏటక్కా?" అంది. నది పేరే అన్నాను. "ఏ ఊరు కాడ?" అంది. మన ఊళ్ళ కాడ కాదన్నాను. నవ్వింది.

మాస్టారిని చెడ్డవాడిగా రాయలేను. నా భర్త పోయినప్పుడు ఇంటికొచ్చి బియ్యం బస్తా దింపించింది ఆయనే. పల్లెటూళ్ళలో జనం సినిమాలు మానేసి ఆయన నాటికలకి వచ్చేవారు. ఆడవాళ్ళ కష్టాల మీద రాసినవి ఎక్కువ. నమ్మే రాశారు. కాకపోతే ఆయన నమ్మింది తన రాతని. ఎదురుగా కూర్చున్న ఆడదాన్ని కాదు. ఈ తేడా నాకు అర్థమయ్యేసరికి నాకు యాభై దాటాయి.

నర్సమ్మ భర్త సూరిబాబు. ఒక ప్రైవేటు స్కూల్లో గుమాస్తా. తాగడు, గట్టిగా మాట్లాడడు. ప్రతి నాటకానికీ తోడొచ్చి, రంగు గది బయట బల్ల మీద కూర్చుని, మా అందరికీ టీలు తెప్పించేవాడు. ఆమె చీరలు తనే ఇస్త్రీ చేసి పెట్టెలో పెట్టి తెచ్చేవాడు. మిగతా నటీమణులు చూసి, "అదృష్టమంటే నీదే నర్మదా" అనేవారు.

ఆమె వంటి మీద నేను మొదట చూసింది మెడ వెనకాల. జడ పైకెత్తి రంగు అద్దుతుంటే నాలుగు వేళ్ళ గుర్తులు కనిపించాయి. నేను చెయ్యి ఆపాను. అద్దంలో నా కళ్ళలోకి చూసి, "తలుపు తగిలిందక్కా" అంది. తలుపుకి వేళ్ళుంటాయా? నేను అడగలేదు. కొంచెం నారింజ రంగు అద్ది, పైన పాన్‌కేకు వేశాను. నల్లగా కమిలిన చోట ముందు నారింజ వేస్తే నలుపు చస్తుంది. అది నాకు నాన్న చెప్పిన కిటుకు, చర్చి నాటకాల్లో పిల్లల మచ్చలు దాచడానికి ఆయన వాడేది.

తర్వాత ఏళ్ళలో ఎన్నిసార్లు వేశానో చెప్పలేను. భుజం మీద. మోచేతి దగ్గర. ఒకసారి నడుము మీద. ఆమె పడిపోయాననేది, బస్సు కుదుపనేది, చివరికి ఏమీ అనడం మానేసింది. వచ్చి కూర్చుని జాకెట్టు కొంచెం జార్చేది, నేను నారింజ కడ్డీ తీసేదాన్ని. మా ఇద్దరికీ అదొక అలవాటైపోయింది. సానుభూతి ఉంది కదా అనుకున్నాను. మెల్లిగా అద్దేదాన్ని, నొప్పి పెట్టకుండా. అదే నా మంచితనం అనుకున్నాను.

పొందూరు పోటీ

మాస్టారి నాటికల్లో అన్నిటికన్నా పేరొచ్చింది ఒకటుంది. భర్త కొట్టిన భార్య మూడో రంగంలో పెద్దల ముందు నిలబడి మాట్లాడి గడప దాటుతుంది. దానికి నేను కుడి చెంప మీద దెబ్బ వెయ్యాలి. ఎరుపు, దాని మీద నేరేడు పండు రంగు, మధ్యలో కొంచెం నీలం. లైటు కుడివైపు నుంచి పడుతుంది కాబట్టి కుడి చెంపే.

పొందూరులో పోటీ. ఆ వేళ సాయంత్రం నర్సమ్మ ముసుగేసుకుని వచ్చింది. కూర్చున్నాక ముసుగు తీసింది. ఎడమ కంటి కింద వాచిపోయి ఉంది. మొట్టమొదటిసారి మొహం మీద. సూరిబాబు బయట బల్ల మీద కూర్చుని ఎవరితోనో ఎండల గురించి మాట్లాడుతున్నాడు. మాకు వినబడుతోంది.

"ఒసే, ఏటే ఇది?" అన్నాను.

"దాసెయ్యక్కా. టైమైపోతాంది" అంది.

మాస్టారు లోపలికొచ్చారు. చూశారు. తర్వాత నాతో, "రూతమ్మా, ఎడమపక్కది పూర్తిగా కప్పెయ్. కుడిపక్కది ఎప్పట్లాగే వెయ్" అన్నారు.

"మాస్టారూ, ఎలాగూ దెబ్బే కదా. ఎడమపక్కే ఉంచీద్దాం. లైటు అటు తిప్పమనండి" అన్నాను. నేను అలా అన్నది ఆమెకి నొప్పి తగ్గుతుందని మాత్రమే. అంతకన్నా ఎక్కువ ఆలోచించలేదు.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. పని తెలిసిన మనిషి లాగే చెప్పారు. "నిజం దెబ్బ వెనక వరసకి కనపడదమ్మా. మనం వేసిందే కనపడతాది."

అది నిజమే. మీరు ఈ పనిలో ఉంటే మీకూ తెలుస్తుంది. నిజం దెబ్బ స్టేజి లైటులో ఉత్త మురికి లాగా ఉంటుంది. నేను ఎడమ కంటి కింద కప్పాను. వేలు తగిలినప్పుడల్లా ఆమె కుర్చీ చెక్కని పట్టుకునేది. కుడి చెంప మీద బాగా వేశాను. ఆ రోజు మూడో రంగంలో ఆమె పెద్దల ముందు నిలబడి పురుషాహంకారపు పునాదుల గురించి మాట్లాడుతుంటే జనం లేచి చప్పట్లు కొట్టారు. సూరిబాబు కూడా పక్క నుంచి చప్పట్లు కొట్టాడు. ఉత్తమ నటి ఆమే.

ఆ బహుమతి చేత్తో పట్టుకుని రంగు గదిలోకి వచ్చి, తుడుచుకోకుండా చాలాసేపు అద్దంలో చూసుకుంది. "ఏది తుడిస్తే పోతాదో నాకే తెల్దంలేదక్కా" అంది.

ఫోటో

ఆ తర్వాత వారంలోనే ఆమె కూతురు ధరణిని తీసుకుని నౌపడలో తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. ధరణికి అప్పుడు ఏడేళ్ళు. సూరిబాబు వెళ్ళి బతిమాలాడు. ఆమె రానంది, పిల్లని ఇవ్వనంది. పోలీసుల దాకా వద్దని, మనలో మనం తేల్చుకుందామని మాస్టారింట్లో పెద్దమనుషులు కూర్చున్నారు. మాస్టారు, ఆమె మేనమావ, సూరిబాబు అన్న, ఇంకో ఇద్దరు. మధ్యాహ్నం. నన్నూ పిలిపించారు. ఎందుకో నాకు తెలియదు, టీలు పెట్టడానికేమో అనుకున్నాను.

నర్సమ్మ ఫోను తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఆమె మొహం ఫోటో. పొందూరు నుంచి వెళ్ళాక అయిదో రోజో ఆరో రోజో వాళ్ళ అమ్మ చేత తీయించుకున్నది.

"నోటితో సెప్తే నమ్మరని తీయించేను. సూడండి" అంది.

ఫోను చేతులు మారింది. సూరిబాబు తల దించుకుని మెల్లిగా అన్నాడు. "నేను ఆమెని తప్పు పట్టను. కానీ ఆమె నటి. రోజూ మొహం మీద దెబ్బలేయించుకునే మనిషి. ఇలాటి ఫోటో ఎప్పుడైనా తీసుకోవచ్చు కదండీ. రూతక్క ఇక్కడే ఉంది. అక్క ఏటంటే అదే నాకు సమ్మతం."

అప్పుడు తెలిసింది నన్ను ఎందుకు పిలిచారో.

ఫోను నా చేతికి వచ్చింది. నేను చూశాను. కంటి కింద నీలం తగ్గి, అంచుల్లో ఆకుపచ్చ, దాని చుట్టూ పసుపు. పాత దెబ్బ మానేటప్పుడు వచ్చే పసుపు. ఆ రంగు ఎవరూ వెయ్యరు. ఆ రోజుకి నాకు అలా వెయ్యాలనే తెలియదు. దెబ్బంటే కొట్టిన రోజు రంగే వేసేదాన్ని. ప్రపంచంలో ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుసు అది నిజం దెబ్బ అని. ఫోటో కూడా అక్కర్లేదు, దాని మీద వేలు పెట్టినదాన్ని నేనే.

"సెప్పు రూతమ్మా" అన్నారు మాస్టారు. ఆయన నన్ను చూడలేదు, కిటికీ వైపు చూస్తున్నారు. ఆయనకీ తెలుసు. ఆయనా ఆ రోజు గదిలో ఉన్నారు.

మీకు సాకులు చెప్పను. ఆ నెలలో మూడు పోటీలు ఉన్నాయి, మూడూ మాస్టారు చెప్తే వచ్చినవే. అది ఒకటి. సూరిబాబు మంచివాడని ఊరంతా అంటున్నప్పుడు నేనొక్కదాన్నే కాదంటే ఎలా అన్న భయం ఒకటి. పిల్లకి తండ్రి నీడ ఉండాలి కదా అని ఎవరో నా బుర్రలో ఎప్పుడో పెట్టిన మాట ఒకటి. అన్నీ కలిసి నా నోట్లోంచి ఇలా వచ్చింది:

"ఫోటోలో సూసి సెప్పడం కష్టం మాస్టారూ. రంగేసినా ఇలాగే ఉంటాది."

అబద్ధం కూడా కాదు చూశారా. నా పని గొప్పది అన్నట్టుగా ఉంది. గదిలో అందరూ ఊపిరి వదిలారు. మేనమావ, "నటించే ఆడదాని మాట ఎలా నమ్ముతాం" అన్నాడు. పిల్ల తండ్రి దగ్గర ఉంటుందని, స్థిరమైన ఉద్యోగం ఆయనదే కాబట్టి అదే మంచిదని, నర్సమ్మ మనసు కుదుటపడ్డాక రావచ్చని తేల్చారు.

ఆమె ఏడవలేదు. స్టేజి మీద అంత బాగా ఏడ్చే మనిషి. ఫోను తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఎంత బాగేసేవక్కా!" అంది. "అచ్చం నిజం దెబ్బలాగే."

అని వెళ్ళిపోయింది.

షీల్డు

నర్సమ్మ వేసే పాత్రకి మాస్టారు ఇంకో అమ్మాయిని తెచ్చారు. నాటిక ఆగలేదు. ఆ అమ్మాయికి నేను దెబ్బ వేసినప్పుడు, ఎందుకో చెయ్యి దానంతట అదే, అంచుల్లో కొంచెం ఆకుపచ్చ, పసుపు అద్దింది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన స్టేజి వెనక్కి వచ్చి, "ఇంత సహజమైన గాయం నేను ఎక్కడా చూడలేదమ్మా, ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు. ఆ ఏడాది ఉత్తమ రూపశిల్పి షీల్డు నాకు వచ్చింది. తీసుకున్నాను. ఫోటో దిగాను. ఇంటికొచ్చి మంచం కిందకి తోశాను.

పనిలో పొరపాట్లు చాలా చేశాను. ఒక పిల్లకి గడ్డాలూ మీసాలూ అంటించే స్పిరిట్ గమ్ పడక మొహం పొక్కిపోయింది. ఒక ముసలి నటుడి కంట్లో తెల్ల పౌడరు పడి వారం రోజులు బాధపడ్డాడు. వాళ్ళకి కాళ్ళు పట్టుకుని క్షమాపణ చెప్పుకున్నాను. ఇదొక్కటే ఎవరికీ చెప్పుకోలేదు. ఇది పొరపాటు కాదు కాబట్టి.

నర్సమ్మ సెప్పింది

నర్సమ్మ మళ్ళీ మా నాటకాల్లోకి రాలేదు. కొంతకాలం తల్లితో పాటు ఉప్పుమడుల్లో పని చేసింది. తర్వాత మహిళా సంఘాల మీటింగుల్లో ఏదో చెప్తోందని విన్నాను. ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, మొహానికి ఏ రంగూ లేకుండా, తన బతుకు తనే ఆడి చూపిస్తోందట. భర్త తనే, పెద్దమనుషులు తనే, తల్లి తనే. దానికి పేరు లేదు. 'నర్సమ్మ సెప్పింది' అని జనమే పెట్టుకున్నారు. పోటీల వాళ్ళు అది నాటకమే కాదన్నారు. రంగాలు లేవు, సెట్టింగు లేదు, భాష మోటు. కానీ టెక్కలి వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు పని మానుకుని వచ్చి చూసేవారు. కాలేజీ పిల్లలు ఫోన్లలో తీసి పంపుకునేవారు.

వెళ్ళడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఒక మహిళా సంఘం సభ, హైస్కూలు ఆవరణలో, మిట్టమధ్యాహ్నం. నేను చివర్లో, స్తంభం పక్కన కూర్చున్నాను.

ఆమె చిక్కిపోయింది. కాళ్ళు వాచి ఉన్నాయి. గొంతు మాత్రం అదే. పునాదులూ గినాదులూ ఏమీ లేవు. "కొట్టినప్పుడు నొప్పి పెట్టలేదర్రా. కొట్టీసి, నా సీర ఇస్త్రీ సేసేవాడు సూడండి, అప్పుడు నొప్పెట్టీది" అంది. నా పక్కన ఒకావిడ పైట నోట్లో కుక్కుకుంది. ఈ ఒక్క మాటకి మాస్టారి నాటికలన్నీ సరితూగవు. ఇప్పుడు మీ వయసు పిల్లలు తమ మాటల్లో తామే రాసుకుని ఆడుతున్నారు, పాడుతున్నారు, బొమ్మలు వేస్తున్నారు. వాళ్ళలో సగం మందికి నర్సమ్మ పేరు తెలియదు.

చివర్లో పెద్దమనుషుల రంగం వచ్చింది. నాకు తెలుసు వస్తుందని. ఫోను చేతులు మారుతోంది. మేకప్ ఆవిడ చేతికి వచ్చింది. నర్సమ్మ కొంచెం వంగి, నాలాగే కళ్ళు చికిలించి, నాలాగే కుడిచేతి బొటనవేలు చీర కొంగుకి తుడుచుకుంది. నేను తల దించుకున్నాను.

"ఇది నిజం దెబ్బే" అంది కుర్చీలోని రూతు. "ఈ పసుపు నాను వెయ్యలేను. ఎవులూ వెయ్యలేరు. ఈ పిల్లని నమ్మండి."

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా పక్కావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఆ మేకప్పావిడ దేవతమ్మా" అంది నాతో.

సభ అయ్యాక తరగతి గదిలోకి వెళ్ళాను. ఆమె బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఎందుకలా మార్చేవే?" అన్నాను.

"నీకోసం కాదక్కా. రేపు ఏ మేకప్ పిల్లయినా వింటాదని" అంది. "జరిగింది జరిగినట్టు సెప్తే, ఆ పిల్లకి నువ్వు సేసినట్టు కూడా సెయ్యొచ్చని తెలుస్తాది. నాకు ఇలాగ కావాలి."

నేను ఆమె కాళ్ళ మీద చెయ్యి వేశాను. వేలు నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. కిడ్నీలు పాడయ్యాయట. నౌపడ, ఉద్దానం వైపు ఆ జబ్బు మామూలే.

"నన్ను క్షమించవే" అన్నాను.

"మాపీ ఇమ్మంటే ఇచ్చీగలనక్కా. కానీ నా గుంట, ధరణి, నా దగ్గిర పెరగలేదు. అది ఇప్పటికీ నాది అబద్ధమనుకుంటాది. ఆయన అలా పెంచేడు. ఎదురుపడితే పక్కకి ఎల్లిపోతాది. నాకు సెప్పొద్దు. దానికి సెప్పు. ఒక్క మాట. అది నిజం దెబ్బేనని."

"సెప్తాను" అన్నాను.

"బేగి సెప్పక్కా" అంది.

ఆలస్యం

నేను నాలుగు నెలలు వెళ్ళలేదు. కంటి ఆపరేషను అయింది, అది నిజం. వానలు, అదీ నిజం. కానీ ఆ పిల్ల ముందు నిలబడే ధైర్యం లేకపోయింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపాను. ఒక ఉదయం ఎవరో ఫోన్లో వీడియో పంపారు. నర్సమ్మ కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్న వీడియో, కింద దండ బొమ్మ. డయాలసిస్‌కి తీసుకెళ్తుంటే దారిలోనే పోయిందట.

అప్పుడు వెళ్ళాను. పెద్ద ధైర్యమేమీ కాదు, ఇన్నాళ్ళూ ఏం చేశావని నన్ను నిలదీయగలిగిన మనిషి ఇక లేదు.

ధరణి విజయనగరంలో డిగ్రీ చదువుతోంది. కాలేజీ బయట బస్టాపులో కలిసింది. తల్లి పొడుగే. తల్లి చనిపోయినప్పుడు నౌపడ వెళ్ళిందా అని అడిగాను. తండ్రితో కలిసి వెళ్ళి వెంటనే వచ్చేశామంది. బెంచీ మీద కూర్చున్నాం. నేను మొత్తం చెప్పాను. మెడ వెనకాల వేళ్ళ గుర్తుల నుంచి, పొందూరు నుంచి, నేను పెద్దమనుషుల ముందు అన్న మాట దాకా. ఆ పిల్ల ఒడిలో పుస్తకాల సంచీ పెట్టుకుని వింది.

"అది నిజం దెబ్బేనమ్మా. నాకు ఆ రోజే తెలుసు. సెప్పలేదు" అన్నాను.

"నాకూ తెలుసు పెద్దమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు.

"నాను ఇంట్లోనే ఉన్నాను కదా. పక్క గదిలో. అన్నీ వినబడేవి. మాస్టారింటి కాడ కూడా అరుగు మీద కూకునే ఉన్నాను. ఎవులైనా పిలిచి అడుగుతారేమో, సెప్దామనుకున్నాను. ఎవులూ పిలవలేదు. తర్వాత నాన్న దగ్గిర ఉండాలి కదా. ఉండాలంటే తెల్దన్నట్టే ఉండాలి. అలాగే ఉండిపోనాను."

"మీ అమ్మకి తెలుసా, నీకు తెలుసని?"

తల అడ్డంగా ఊపింది. "సెప్పలేదు. కనపడితే ఏడుపొస్తాదని పక్కకి ఎల్లిపోయేదాన్ని."

బస్సులు వచ్చి వెళ్తున్నాయి. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకోలేకపోయాను. నాలుగు నెలల కిందట ఇదే బెంచీ మీద ఇదే మాట నేను చెప్పి ఉంటే, ఈ పిల్ల ఇదే జవాబు చెప్పేది, మర్నాడు నేను నౌపడ బండెక్కి ఆ జవాబు తల్లికి చేర్చేదాన్ని. తల్లి అది వినకుండా పోయింది.

ధరణి బస్సు వచ్చింది. లేచి నిలబడి, ఎక్కకుండా ఆగింది.

"పెద్దమ్మా, అమ్మ ఆడేది కదా, 'నర్సమ్మ సెప్పింది' అని. నాను పూర్తిగా సూడలేదు, ఫోన్లో ముక్కలే. అందులో నాను ఉన్నానా?"

ఆ నాటకంలో భర్త ఉన్నాడు, మేనమావ ఉన్నాడు, నేనున్నాను. కూతురు మాట ఒక్కటి కూడా లేదు. ఎందుకు లేదో నేను అడగలేదు. పిల్ల మాట ఎత్తితే ఇంక ఆడలేననేమో. పదిమంది నోళ్ళలో పిల్లని పెట్టడం ఇష్టం లేకనేమో. నాకు తెలియదు. ఉన్నావని చెప్పాలనిపించింది. మెల్లిగా, నొప్పి పెట్టకుండా.

"లేవమ్మా" అన్నాను.

ఆ పిల్ల సంచీ భుజానికి తగిలించుకుంది. కండక్టరు విజిలు వేశాడు.

"అబద్ధం సెప్తారనుకున్నాను" అని, బస్సెక్కింది.